లెక్కలోకి రావడం: కెనడా నల్లజాతి ప్రజల ఆరోగ్యం కోసం జరిగిన స్వచ్ఛంద కృషి

కెనడా పార్లమెంటు 1984లో ఆమోదించిన కెనడా హెల్త్ యాక్ట్, ఆ దేశంలోని పది ప్రావిన్సులూ మూడు టెరిటరీలూ నడిపే ఆరోగ్య బీమా పథకాలకు ఐదు షరతులు పెట్టింది. పథకం ప్రభుత్వ నిర్వహణలో లాభాపేక్ష లేకుండా నడవాలి, వైద్యపరంగా అవసరమైన ఆసుపత్రి సేవలన్నిటికీ వైద్యుల సేవలన్నిటికీ వర్తించాలి, అర్హులైన నివాసులందరికీ ఒకే నిబంధనలపై అందాలి, ఒక ప్రావిన్సు విడిచి మరొక ప్రావిన్సుకు వెళ్లినవారి వెంట వెళ్లాలి, డబ్బు చెల్లించలేకపోవడం వంటి కారణాలు చికిత్సకు అడ్డుపడకూడదు. ప్రపంచంలో చాలా దేశాలు ఆదర్శంగా చూసే ఈ చట్టం రోగి జేబును చూడవద్దని వైద్య వ్యవస్థను కట్టడి చేయగలిగింది. అయితే ఏ రోగాన్ని ముందుగా వెతకాలి, ఎవరి నొప్పిని నమ్మాలి, ఎవరి మరణాలను విడిగా లెక్కించాలి అన్న ప్రశ్నలు బీమా చట్టానికి అందేవి కావు. అవి వైద్యుల శిక్షణలో, ప్రయోగశాలల జాబితాల్లో, గణాంక శాఖల అలవాట్లలో, ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించినట్టు కనబడకుండానే నిర్ణయమైపోతుంటాయి. కెనడాలోని నల్లజాతి ప్రజల ఆరోగ్యం కోసం గత ఎనభై ఏళ్లుగా జీతం లేకుండా పనిచేసిన నర్సులు, తల్లులు, చర్చి సంఘాల స్త్రీలు, వ్యాధిగ్రస్తులు పట్టుబట్టింది ఈ ప్రశ్నల మీదే.

వారు చేసిన పనిని ఆరోగ్య అడ్వకసీ అంటారు. ఒక రోగి తరఫునో, ఒక సమూహం తరఫునో ఆసుపత్రితో, ప్రభుత్వంతో, చట్టసభతో మాట్లాడి, దొరకవలసిన చికిత్స దొరికేలా, మారవలసిన నియమం మారేలా చేయడం దాని అర్థం. అందులో సేవ కూడా ఉంటుంది. రోగిని ఆసుపత్రికి తోడుగా తీసుకువెళ్లడం, భాష రానివారికి అర్థమయ్యేలా చెప్పడం, రక్తదాన శిబిరం పెట్టడం వంటివన్నీ సేవే. కానీ కెనడా అనుభవాన్ని నిదానంగా పరిశీలిస్తే, ఈ స్వచ్ఛంద కార్యకర్తల అసలైన ఘనత సేవలో కన్నా మరొక చోట ఉన్నట్టు తెలుస్తుంది. రాజ్యం కంటికి కనబడని బాధను వారు కనబడేలా చేశారు, లెక్కలోకి రానివారిని లెక్కలోకి తెచ్చారు. ఆ లెక్క తమను నిందించడానికి ఉపయోగపడినప్పుడు, ఎలా లెక్కించాలో చెప్పే హక్కు కూడా తమదేనని వాదించారు. ఈ ఉపన్యాసం ఆ రెండు పోరాటాలనూ కలిపి చూసే ప్రయత్నం.

2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో నల్లజాతివారిగా నమోదైనవారు పదిహేను లక్షలకు పైబడ్డారు; మొత్తం జనాభాలో వారి వాటా 4.3 శాతం. వారిలో దాదాపు సగం మంది ఆంటారియో ప్రావిన్సులోనే, ముఖ్యంగా టొరంటో పరిసరాల్లో, నివసిస్తున్నారు. జమైకా, హైతీ, నైజీరియా, ఇథియోపియా, సోమాలియా వంటి దేశాల నుంచి వచ్చినవారూ వారి పిల్లలూ ఇందులో అధికసంఖ్యాకులు కావడంతో, నల్లజాతి కెనడియన్లంటే నిన్న మొన్న వలస వచ్చినవారన్న అభిప్రాయం సామాన్యంగా వినబడుతుంది. అది నిజం కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన నిలిచిన నల్లజాతివారు 1783లో తూర్పున ఉన్న నోవాస్కోషియా ప్రావిన్సు తీరానికి చేరారు, 1812 యుద్ధం తర్వాత మరికొన్ని వేలమంది శరణార్థులు వచ్చారు. వారి సంతతి ఈనాటికీ అక్కడ ఆఫ్రికన్ నోవాస్కోషియన్లన్న పేరుతో రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర గల సమాజంగా ఉన్నది.

ఆ సమాజపు ఆరోగ్య చరిత్రను ఆఫ్రిక్‌విల్ అనే ఒక్క ఊరు చెప్పగలదు. నోవాస్కోషియాలోని హాలిఫాక్స్ నగరపు ఉత్తరపు అంచున, బెడ్‌ఫర్డ్ బేసిన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఈ నల్లజాతి ఊరి ప్రజలు నగరానికి పన్నులు కట్టారు కానీ, నగరం వారికి కుళాయి నీరు గానీ మురుగు కాలువలు గానీ ఇవ్వలేదు. ఇవ్వకపోగా అంటువ్యాధుల ఆసుపత్రి, జైలు, చివరకు 1950లలో నగర చెత్త కుప్ప కూడా ఆ ఊరి చుట్టూనే వెలిశాయి. తరవాత ఆ మురికినే కారణంగా చూపి, 1960లలో ఊరిని ఖాళీ చేయించి ఇళ్లు కూలగొట్టారు. ప్రజల గుండెకాయ లాంటి చర్చిని 1967లో రాత్రి వేళ నేలమట్టం చేశారు. నగరం క్షమాపణ చెప్పింది 2010లో. శుభ్రమైన నీరు, ఇల్లు, చదువు, ఉద్యోగం, గౌరవం వంటి జీవన పరిస్థితులు మందులకన్నా ముందుగా ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని ప్రజారోగ్య శాస్త్రం చెబుతుంది, వాటినే ఆరోగ్యానికి సామాజిక నిర్ణాయకాలంటుంది. ఆఫ్రిక్‌విల్‌లో ఈ నిర్ణాయకాలు వాటంతటవే చెడిపోలేదు; పురపాలక తీర్మానాలే వాటిని చెడగొట్టాయి.

వైద్యం చేసే చేతుల్లో నల్లజాతి చేతులు లేకుండా చూడటం కూడా ఆనాటి వ్యవస్థలో భాగమే. ఆంటారియోలోని కింగ్‌స్టన్‌లో ఉన్న క్వీన్స్ విశ్వవిద్యాలయం 1918లో నల్లజాతి విద్యార్థులకు తన వైద్య కళాశాలలో ప్రవేశం నిషేధించింది. ఆచరణలో ఆ నిషేధం 1965 వరకు కొనసాగింది, కాగితం మీద మాత్రం దాన్ని రద్దు చేసింది 2018లో, బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2019లో. నర్సింగ్ పాఠశాలల్లో కూడా 1940ల వరకు నల్లజాతి యువతులకు తలుపులు మూసే ఉన్నాయి. నోవాస్కోషియాలో ప్రజారోగ్య నర్సుగా పనిచేసిన బెర్నిస్ రెడ్‌మన్ ఆ చదువు కోసం అమెరికాలోని వర్జీనియాకు వెళ్లవలసివచ్చింది. ఇటువంటి నిరాకరణనే ఎదుర్కొన్న మరొక యువతి పెర్లీన్ ఆలివర్. నర్సు కావాలన్న కోరిక తీరని ఆమె, తన భర్త, పాస్టర్ విలియం ఆలివర్‌తో కలిసి నల్లజాతి బాప్టిస్టు సమాజంలో పనిచేస్తూ, 1940లలో చర్చిల్లోనూ మహిళా సంఘాల్లోనూ సభల్లోనూ ఈ నిషేధాన్ని గురించి మాట్లాడుతూ తిరిగారు. ఆమెకు ఏ పదవీ లేదు, ఏ ఆసుపత్రిలో ఉద్యోగమూ లేదు. 1948లో హాలిఫాక్స్ పిల్లల ఆసుపత్రి నుంచి రూత్ బెయిలీ, గ్వెనిత్ బార్టన్ కెనడాలోనే శిక్షణ పొందిన తొలి నల్లజాతి నర్సులుగా పట్టా పుచ్చుకున్నారు. తనకు దక్కని వృత్తిని మరొకరికి దక్కించడానికి ఒక స్త్రీ పడిన ఈ శ్రమను కెనడా నల్లజాతి ఆరోగ్య అడ్వకసీకి తొలి పుటగా లెక్కించడం న్యాయం.

నల్లజాతి ఆరోగ్య ఉద్యమానికి కెనడాలో దొరికిన అత్యంత స్పష్టమైన విజయం సికిల్ సెల్ వ్యాధి విషయంలో వచ్చింది కనుక దాని వద్ద కొంతసేపు ఆగక తప్పదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తిలో, బీటా గొలుసులోని ఆరో స్థానంలో ఒక అమైనో ఆమ్లం బదులు మరొకటి చేరడమే ఈ వ్యాధికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇటువంటి హీమోగ్లోబిన్ గడ్డకట్టి, గుండ్రంగా మెత్తగా ఉండవలసిన ఎర్రకణాన్ని కొడవలి ఆకారంలో బిరుసెక్కిస్తుంది. అటువంటి కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కుని భరించరాని నొప్పి తెస్తాయి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే ఇవి కొద్ది వారాల్లోనే చితికిపోయి రక్తహీనత కలిగిస్తాయి. కాలక్రమాన ప్లీహం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్టమైన జన్యువులు వస్తేనే వ్యాధి వస్తుంది. ఒకటే వచ్చినవారిని వాహకులంటారు, వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, పైగా పసితనంలో మలేరియా తీవ్రత నుంచి వారికి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా తరతరాలుగా పీడించిన ఆఫ్రికా, మధ్యధరా తీరం, అరేబియా, భారతదేశపు అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. అందువల్ల దీన్ని నల్లవారి జబ్బు అనడం శాస్త్రరీత్యా తప్పు. కాని ఉత్తర అమెరికాలో దాని బారిన పడినవారిలో అత్యధికులు నల్లజాతివారే కావడంతో, వ్యాధికి దక్కే శ్రద్ధ ఆ ప్రజలకు దక్కే శ్రద్ధను దాటిపోలేదు.

ఈ వ్యాధి గల పసిపిల్లలను తొలి ఏళ్లలో బలితీసుకునేది తరచుగా నొప్పి కాదు, న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా. ప్లీహం త్వరగా పాడవడంతో ఆ సూక్ష్మజీవిని ఎదిరించే శక్తి బిడ్డకు పోతుంది, ఉదయం జ్వరం వచ్చిన బిడ్డ సాయంత్రానికి దక్కకపోవచ్చు. రోజూ నోటి ద్వారా పెన్సిలిన్ ఇస్తే ఈ ఇన్ఫెక్షన్ 84 శాతం తగ్గుతుందని 1986లో వెలువడిన అమెరికా పరిశోధన నిరూపించింది. మందు చవక, మోతాదు తేలిక. అయితే ఆ మందు పని చేయాలంటే బిడ్డకు వ్యాధి ఉన్నదని మొదటి జ్వరానికి ముందే తెలియాలి, అంటే పుట్టిన కొద్ది రోజుల్లోనే పరీక్ష జరగాలి. బిడ్డ మడమను సన్నని సూదితో గుచ్చి, కొన్ని చుక్కల రక్తాన్ని వడపోత కాగితం మీద అద్ది ప్రయోగశాలకు పంపే ఈ పద్ధతిని నవజాత శిశు స్క్రీనింగ్ అంటారు. ఆంటారియోకు సరస్సు అవతల ఉన్న న్యూయార్క్ రాష్ట్రం 1975లోనే సికిల్ సెల్‌ను ఆ జాబితాలో చేర్చింది. ఆంటారియోలో మాత్రం మడమ నుంచి అదే రక్తం తీస్తూ, అదే కాగితం మీద అద్దుతూ, 2005 వరకు ప్రధానంగా ఫినైల్‌కీటోన్యూరియా అనే జీవరసాయన లోపానికీ పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికీ మాత్రమే పరీక్ష జరిపారు.

ఈ అంతరాన్ని ప్రశ్నించినవారిలో ముందు వరుసలో నిలిచిన వ్యక్తి లిలీ జాన్సన్. జమైకాలో 1922లో పుట్టి, బ్రిటన్‌లో నర్సుగా శిక్షణ పొంది, 1960లో కెనడాకు వచ్చిన ఆమె, ఆంటారియోలో ఒక జిల్లా ప్రజారోగ్య విభాగానికి డైరెక్టరైన తొలి నల్లజాతి మహిళ. 1981లో ఆమె సికిల్ సెల్ అసోసియేషన్ ఆఫ్ ఆంటారియోను స్థాపించారు. వ్యాధి పేరైనా వినని వైద్యులు ఉన్న కాలంలో, నొప్పితో వచ్చిన పిల్లవాడికి ఏమయిందో తల్లికి చెప్పగలవారు అరుదైన కాలంలో, ఆమె, ఆమె వెంట నడిచిన స్వచ్ఛంద కార్యకర్తలు కుటుంబాలను ఒక్కచోట చేర్చి, పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఇదే సంగతిని పాతికేళ్ల పాటు విసుగు లేకుండా చెబుతూ వచ్చారు. 2005లో ఆ ప్రావిన్సు అంబుడ్స్‌మన్, అంటే ప్రజల ఫిర్యాదులపై ప్రభుత్వాన్ని నిలదీసే స్వతంత్రాధికారి అయిన ఆంద్రే మరిన్, నవజాత శిశు పరీక్షల్లో ఆంటారియో వెనకబాటును తీవ్రంగా విమర్శిస్తూ నివేదిక ప్రచురించడంతో ప్రభుత్వం కదిలింది. జాబితాను విస్తరించినప్పుడు సికిల్ సెల్ అందులో చోటు పొందేలా అసోసియేషన్ పట్టుబట్టింది. 2006 నవంబరు నుంచి ఆంటారియోలో పుట్టే ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరుగుతోంది. జాన్సన్‌కు ప్రావిన్సు తన అత్యున్నత పౌర పురస్కారమైన ఆర్డర్ ఆఫ్ ఆంటారియోను ఇచ్చి గౌరవించింది.

ఇందులో గమనించదగిన అంశం ఒకటున్నది. కార్యకర్తలు అడిగినది నల్లజాతి పిల్లలకు మాత్రమే వేరుగా పరీక్ష జరపమని కాదు. బిడ్డ చర్మాన్ని చూసి ఎవరికి పరీక్ష అవసరమో ఊహించే పద్ధతిలో కొందరు తప్పిపోతారు, కొందరు అవమానపడతారు. అందరికీ జరిగే పరీక్షలో ఎవరూ ఎవరి వంశాన్నీ అడగనవసరం లేదు. టొరంటో పరిసరాల్లోని బ్రాంప్టన్‌లో గానీ స్కార్‌బరోలో గానీ తెలుగు దంపతులకు పుట్టే బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్క కూడా ఈనాడు ఒట్టావాలోని పిల్లల ఆసుపత్రి ప్రయోగశాలకు చేరి అదే పరీక్షకు లోనవుతుంది. ఆ పరీక్ష తమ బిడ్డకు అందడం వెనక ఒక జమైకన్ నర్సు పాతికేళ్ల పట్టుదల ఉన్నదని ఆ దంపతులకు తెలిసే అవకాశం తక్కువ.

వ్యాధి ఉన్నదని తెలియడంతో కష్టం తీరదు. సికిల్ సెల్ నొప్పి ఉప్పెనలా వచ్చినప్పుడు, రోగి ఆసుపత్రి చేరిన గంటలోపే బలమైన నొప్పి మందు మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాని అత్యవసర విభాగంలో ఒక నల్లజాతి యువకుడు తనకు మార్ఫిన్ వంటి మందు కావాలనీ, ఇంత మోతాదైతేనే పనిచేస్తుందనీ చెప్పినప్పుడు, జీవితాంతం ఈ వ్యాధితో బతికి నేర్చుకున్న జ్ఞానంగా దాన్ని స్వీకరించకుండా, మత్తుకు అలవాటుపడ్డాడన్న అనుమానంతో చూడటం జరుగుతూనే ఉన్నది. ఈ నొప్పికి బయటికి కనబడే గాయం ఉండదు, నిర్ధారించే రక్తపరీక్ష ఉండదు, రోగి మాటే ఆధారం. ఎవరి మాటకు విలువ ఉన్నదన్న ప్రశ్న వైద్యంలో ఇంత నగ్నంగా బయటపడే సందర్భాలు తక్కువ. అందుకే సికిల్ సెల్ సంఘాలవారు రోగుల పక్కన కూర్చుని మాట్లాడటాన్ని తమ ప్రధాన బాధ్యతల్లో ఒకటిగా పెట్టుకున్నారు.

రక్తం విషయంలో చరిత్ర మరింత బాధాకరం. తరచుగా రక్తం ఎక్కించుకోవలసిన సికిల్ సెల్ రోగులకు ఏ, బీ, ఓ గ్రూపులు కలిస్తే చాలదు, ఎర్రకణాల మీది ఇతర గుర్తులు కూడా దగ్గరగా ఉంటే మేలు, లేకపోతే ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టి తరవాతి రక్తాన్ని తిరస్కరిస్తాయి. అటువంటి పోలిక నల్లజాతి దాతల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. అయితే ఆ ప్రజలను రక్తదానానికి దూరం చేసిన విధానాలు కెనడాలో పదేపదే వచ్చాయి. ఎయిడ్స్ కారణమేమిటో ఇంకా స్పష్టం కాని 1983లో, కెనడా రెడ్‌క్రాస్ రక్తదానం చేయవద్దని కోరిన వర్గాల్లో హైతీ నుంచి వచ్చినవారి పేరు కూడా చేర్చింది. ఒక ప్రవర్తననో ఒక ప్రమాదకర పరిస్థితినో పేర్కొనవలసినచోట ఒక జాతీయతను పేర్కొనడంతో, మాంట్రియాల్‌లోని హైతీ సమాజం ఉద్యోగాల్లోనూ ఇరుగుపొరుగుల్లోనూ అనుమానపు చూపులకు గురైంది. తరవాత చాలాకాలం పాటు కొన్ని ఆఫ్రికా దేశాల్లో పుట్టినవారిని కూడా దానానికి అనుమతించలేదు. ఆ నిబంధన తొలగిపోయినా, ఒకసారి తిప్పి పంపబడిన సమాజం మళ్లీ స్వచ్ఛందంగా చేయి చాచాలంటే ఆ నమ్మకాన్ని తిరిగి కట్టే పని ఎవరో చేయాలి. ఆ పని ఈనాడు చేస్తున్నది కూడా సంఘాలవారే.

అంతకుముందు లెక్కలోకి రాకపోవడం బాధ కాగా, 1983లో జాబితాలోకి ఎక్కడమే బాధ అయింది. ఆ నింద నుంచి పుట్టిన ప్రతిస్పందన గమనింపదగ్గది. హైతీ సమాజం అవమానంతో ముడుచుకుపోకుండా, 1987లో మాంట్రియాల్‌లో గ్యాప్-వి అనే సంస్థను నెలకొల్పి ఎయిడ్స్ నివారణను, రోగుల ఆదరణను తమ భాషలో తమ పద్ధతిలో చేపట్టింది. 1989లో టొరంటోలో బ్లాక్ కోయిలిషన్ ఫర్ ఎయిడ్స్ ప్రివెన్షన్, అందరూ బ్లాక్‌క్యాప్ అని పిలిచే సంస్థ, స్వచ్ఛంద కార్యకర్తల చొరవతో మొదలైంది. సాధారణ ఎయిడ్స్ సంస్థల ప్రచారం నల్లజాతివారిని చేరలేదు, నల్లజాతి చర్చిల్లోనూ కుటుంబాల్లోనూ ఆ జబ్బు పేరు పలకడానికే సంకోచం. ఆ రెండు నిశ్శబ్దాల మధ్య నిలబడి మాట్లాడటం ఎంత కష్టమో, అందులోనూ స్వలింగ ప్రేమికులైన నల్లజాతి యువకులకు ఎంత ప్రమాదమో తలచుకుంటే, ఆ తొలితరం కార్యకర్తల ధైర్యం ఎంతటిదో అర్థమవుతుంది.

లెక్కల గురించిన ఈ ద్వంద్వం 2020లో కోవిడ్‌తో పూర్తిగా బయటపడింది. కెనడా ఆరోగ్య రికార్డుల్లో రోగి జాతిని క్రమబద్ధంగా నమోదు చేసే అలవాటు లేదు. అందరూ సమానమే కాబట్టి జాతి అడగనవసరం లేదన్న సద్భావమే దాని వెనక ఉన్నదని చెప్పుకుంటారు. అయితే అడగని ప్రశ్నకు జవాబు ఉండదు, జవాబు లేని అసమానతకు బడ్జెట్టు ఉండదు. బ్లాక్ హెల్త్ అలయన్స్ వంటి సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ఈ మాటను కోవిడ్ కాలంలో ఇక కాదనలేకపోయారు. టొరంటో ప్రజారోగ్య శాఖ ఆ ఏడాది వేసవిలో వెల్లడించిన వివరాల ప్రకారం, నగర జనాభాలో 9 శాతంగా ఉన్న నల్లజాతివారు కోవిడ్ కేసుల్లో 21 శాతంగా ఉన్నారు. వృద్ధాశ్రమాల్లో శుశ్రూష చేసేవారు, గిడ్డంగుల్లో, బస్సుల్లో పనిచేసేవారు, ఇరుకు ఇళ్లలో పెద్ద కుటుంబాలతో ఉండేవారు ఇంటి నుంచి పనిచేసే సౌకర్యం లేక ముందుగా జబ్బుపడ్డారన్నది ఆ అంకె వెనకటి జీవితం. అదే సంవత్సరం జూన్‌లో టొరంటో ఆరోగ్య బోర్డు నల్లజాతి పట్ల వివక్షను ప్రజారోగ్య సంక్షోభంగా గుర్తించింది.

నోవాస్కోషియాలో మాత్రం లెక్క మరో ముఖాన్ని చూపింది. 2020 ఏప్రిల్‌లో ఆ ప్రావిన్సు పెద్దలు తమ రోజువారీ ప్రకటనల్లో ప్రెస్టన్ అనే నల్లజాతి ఊళ్లను పేరు పెట్టి ప్రస్తావించగానే, ఆ ఊరివారిని కొందరు దుకాణాల్లోనూ పని స్థలాల్లోనూ రోగాన్ని మోసుకొచ్చేవారిగా చూడసాగారని సమాజ నాయకులు నిరసించారు. జబ్బు సోకిన ఇతర ఊళ్ల పేర్లు అలా నోటికి రాలేదన్నది వారి అభ్యంతరం. ఆ నిరసనతో ఆగక, 2000లో ఏర్పడిన హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఆఫ్రికన్ కెనడియన్స్, నల్లజాతి సోషల్ వర్కర్ల సంఘం కలిసి ఊళ్లలోనే పరీక్షలకూ, తరవాత టీకాలకూ తోడ్పడ్డాయి. టీకా అంటే సందేహించినవారిని మూఢులని తోసిపుచ్చకుండా, ఆసుపత్రులతో వారికున్న చేదు అనుభవాలను ముందు విని, ఆ తరవాత మాత్రమే టీకా గురించి మాట్లాడటం ఆ కార్యకర్తల విధానం. టొరంటోలో అక్వాటు ఖెంటి అధ్యక్షతన ఏర్పడిన నల్లజాతి శాస్త్రవేత్తల టాస్క్‌ఫోర్స్ కూడా సమాజ సమావేశాల్లో ఇదే దారిలో నడిచింది.

ఈ రెండు అనుభవాల నుంచి ఆంటారియోలోని నల్లజాతి ఆరోగ్య కార్యకర్తలు, పరిశోధకులు 2021లో ఒక సూత్రావళిని రూపొందించారు. నాలుగు ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో దానికి ఈగ్యాప్ అని పేరు. నల్లజాతి ప్రజల నుంచి ఆరోగ్య సమాచారం సేకరించేటప్పుడు వారితో ముందుగా సంప్రదింపులు జరపాలి, ఆ సమాచారాన్ని ఎలా వాడాలో నిర్ణయించే అధికారంలో వారికి చోటుండాలి, ఆ సమాచారం వారికి అందుబాటులో ఉండాలి, వ్యక్తులకూ సమూహానికీ దానివల్ల హాని కలగకుండా రక్షణ ఉండాలి. ఇది పైకి పరిపాలనా పత్రంలా కనిపించినా, దీనిలో ఉన్న రాజకీయ భావన చాలా లోతైనది. జనాభా లెక్కలు ప్రారంభమైన నాటి నుంచి లెక్కించేవాడు రాజ్యం, లెక్కింపబడేవాడు ప్రజ. లెక్కింపబడేవారు లెక్క మీద హక్కు అడగడం ఆ సంబంధాన్నే మారుస్తుంది. అరవై ఏళ్ల కిందట ఆఫ్రిక్‌విల్ గురించి నివేదికలు రాసిన నగరాధికారులకు ఇటువంటి షరతు ఉండి ఉంటే, ఆ నివేదికల ముగింపు వాక్యాలు వేరుగా ఉండేవని ఊహించవచ్చు.

స్వచ్ఛంద కృషిని కొనియాడేవారు దాని ఖర్చును కూడా చూడాలి. ఈ పనిలో అధికభాగం స్త్రీలది. ఆసుపత్రిలో పగలంతా నర్సుగా పనిచేసి సాయంత్రం సంఘ సమావేశానికి వచ్చే స్త్రీ, తన బిడ్డకే సికిల్ సెల్ ఉండి, ఆ బిడ్డను చూసుకుంటూనే మంత్రికి ఉత్తరం రాసే తల్లి, క్యాన్సర్ నుంచి కోలుకుంటూ ఇతర రోగులకు ధైర్యం చెప్పే స్త్రీ వంటివారి కాలాన్ని ఏ బడ్జెట్టూ లెక్కలో వేయదు. ప్రభుత్వాలు సంఘాలకు ఇచ్చే గ్రాంటులు చాలావరకు ఏడాదికో మూడేళ్లకో పరిమితమైనవి, దరఖాస్తు రాయడానికే కార్యకర్తల బలం సగం ఖర్చవుతుంది, గ్రాంటు ఆగగానే పని ఆగుతుంది. ప్రభుత్వం చేయవలసిన పనిని ప్రజలు ఉచితంగా చేస్తున్నప్పుడు ప్రభుత్వానికి ఆ పని మీద శ్రద్ధ తగ్గే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి స్వచ్ఛంద కృషి తాను అవసరం లేని స్థితి కోసం పనిచేయాలి, అంటే తన పనిని శాశ్వత సంస్థల చేతికి అప్పగించేలా చేయాలి.

అలా అప్పగించగలిగిన ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. స్కార్‌బరో ఈశాన్యాన మాల్వర్న్ ప్రాంతంలోని తైబు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నల్లజాతి ప్రజల ఆరోగ్యాన్ని తన ప్రధాన బాధ్యతగా రాసుకున్న కేంద్రం. ఆంటారియోలో కమ్యూనిటీ హెల్త్ సెంటరంటే, జీతం మీద పనిచేసే వైద్యులు, నర్సులు, సామాజిక కార్యకర్తలు ఒకే చోట ఉండి, స్థానికులతో కూడిన బోర్డు పర్యవేక్షణలో నడిచే ప్రభుత్వ నిధుల ఆరోగ్యాలయం. హాలిఫాక్స్‌లో ఆఫ్రికన్ సంతతి పురుషుల కోసం నడిచే నోవాస్కోషియా బ్రదర్‌హుడ్ అనే ప్రభుత్వ ప్రాథమిక వైద్య కార్యక్రమం, ఆసుపత్రి గడప తొక్కని పురుషులను వారు కూడే చోట్లకే వెళ్లి పలకరిస్తుంది. రక్తపోటు, మధుమేహం, ప్రోస్టేట్ క్యాన్సర్, దిగులు గురించి క్షవరశాలలో మొదలైన సంభాషణ క్లినిక్‌లో ముగుస్తుంది. స్త్రీల కోసం సిస్టర్‌హుడ్ అనే తోడు కార్యక్రమం తరవాత వచ్చింది. ఇవి ఇంకా కొన్ని నగరాలకే పరిమితం.

తెలుగు నేలకు ఈ చరిత్రతో నిజమైన బంధుత్వం ఉన్నది, అది సికిల్ సెల్ ద్వారానే. ఆదిలాబాదు గోండుల్లో, గోదావరి తీరపు కోయల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యపు గిరిజన తెగల్లో ఈ జన్యువు చిరకాలంగా ఉన్నది. భారతదేశంలో కనిపించే రకం ఆఫ్రికాలో కనిపించేదానికి వేరుగా పుట్టినదని, పలువురిలో పిండదశ నాటి హీమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉండటంతో కొంత నెమ్మదిగా ప్రవర్తించవచ్చని శాస్త్రజ్ఞులు చెబుతారు, అయినా తీవ్రమైన కేసులు ఇక్కడా తక్కువేమీ కాదు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ కూడా రోగుల కుటుంబాలు, వైద్యులు, దాతలు కలిసి కట్టినదే. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా 17 రాష్ట్రాల్లో ఏడు కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకున్నది, పరీక్ష చేయించుకున్నవారికి వారి స్థితిని తెలిపే కార్డులిస్తున్నది.

ఆ కార్డు దగ్గరే కెనడా అనుభవం తెలుగువారికి అత్యంత అవసరం. వాహకుడికీ రోగికీ తేడా తెలియని చోట కార్డు పెళ్లి సంబంధాల్లో ఆడపిల్ల మీద మోపే నింద కాగలదు. 1970లలో అమెరికాలో తొందరపాటుతో వచ్చిన నిర్బంధ పరీక్ష చట్టాలు సరిగ్గా ఈ తేడాను మరచి, ఆరోగ్యంగా ఉన్న నల్లజాతి యువకులకు ఉద్యోగాలనూ బీమానూ దూరం చేశాయి. మన్యంలో తల్లిదండ్రులకు ఆ కార్డులో ఏమున్నదో వారి భాషలో, కువి గానీ గోండి గానీ కోయ గానీ ఏదైతే అందులో, వివరించి చెప్పే మనిషి ఉన్నాడా, పరీక్షలో వ్యాధి తేలిన పసిబిడ్డకు వేళకు పెన్సిలిన్, తగిన వయసు వచ్చాక నొప్పి దాడులను తగ్గించే హైడ్రాక్సీయూరియా అనే మందు అందుతాయా, ఆ సమాచారం ఎవరి వద్ద నిలవ ఉంటుంది అన్న ప్రశ్నలు లిలీ జాన్సన్ సంఘమూ ఈగ్యాప్ రచయితలూ అడిగినవాటికి భిన్నమైనవి కావు. ఆశా కార్యకర్తలు, ఊళ్లోని చదువుకున్న గిరిజన యువకులు ఈ బాధ్యతను భుజాన వేసుకోగలరు. అయితే వారి పనికి గౌరవం, శిక్షణ, తగిన జీతం ఇవ్వవలసినది రాజ్యం.

కెనడాలో ఈ పని ఇంకా పూర్తి కాలేదు. సెనేటర్ జేన్ కార్డీ ప్రవేశపెట్టిన బిల్లు 2017లో చట్టమై, జూన్ 19ని జాతీయ సికిల్ సెల్ అవగాహన దినంగా అధికారికంగా గుర్తించింది. జన్యువునే సవరించే క్యాస్‌జెవీ అనే చికిత్సకు కెనడా ఆరోగ్య శాఖ 2024లో అనుమతి ఇచ్చింది, దాని ధర మాత్రం సామాన్య కుటుంబాలకు ఊహకు కూడా అందనిది. దేశంలో ఈ వ్యాధి ఉన్నవారెందరో, ఏ ప్రావిన్సులో ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో చెప్పగల జాతీయ రిజిస్ట్రీ కోసం, సికిల్ సెల్ కుటుంబాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. హైతీలో పుట్టి క్యూబెక్‌లో కుటుంబ వైద్యురాలిగా పనిచేసిన సెనేటర్ మరీ-ఫ్రాన్స్వాజ్ మెగీ, ఈ వ్యాధికి జాతీయ ప్రణాళిక కోరుతూ 2023లో ఎస్-280 బిల్లును ప్రవేశపెట్టారు. 2025 జనవరిలో పార్లమెంటు సమావేశాలను అర్ధాంతరంగా ముగించడంతో ఆ బిల్లు చట్టం కాకుండానే రద్దయింది. ఎన్నికల తరవాత అదే ఏడాది అదే కోరికతో సెనేట్‌లో మరొక బిల్లు వచ్చింది, అంటే ఆ ప్రయత్నం మళ్లీ మొదటి నుంచి మొదలైంది.